తాళం మాది, దుకాణం ఆయనది

షట్టరు పడే చప్పుళ్లలో తేడాలుంటాయి. రోజు ముగిశాక పడే షట్టరులో అలసట వినిపిస్తుంది, ఇంటికి పోతున్నామన్న తీరిక కూడా. పట్టపగలు పడే షట్టరు సంగతి వేరు. ఒకటి పడుతుంది, వెంటనే పక్కది, ఆ వెంటనే పక్క సందులోది. ఆ వరస వినగానే ఆబిడ్స్‌లో పనిచేసినవాళ్ల కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఎదురింటివాళ్లు కారు షెడ్డు షట్టరు దించితే నేను ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తాను. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ, ఆమె ఆ సందులో ఏనాడూ నిలబడలేదు.

నేను పనిచేసింది కళ్లద్దాల దుకాణంలో. ఆబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి నాంపల్లి వైపు తిరిగే ఒక సందు అది. పెళ్లయ్యేదాకా చేద్దామని చేరాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పిల్లల పెళ్లిళ్లు కూడా అయ్యాయి, నేను మాత్రం ఆ కౌంటరు వెనకే ఉండిపోయాను. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో మా నాన్న కృష్ణా జిల్లా నుంచి గుమస్తాగా ఈ ఊరొచ్చాడు. మా యజమాని కుటుంబానిదీ ఆ వైపే, ఇల్లు హిమాయత్‌నగర్‌లో. మంచి మనిషి, పిరికి మనిషి. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉంటే ఏమవుతుందో ముందు ముందు చెబుతాను. ఇక మా ఫిట్టర్. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. మెదక్ దగ్గర పల్లె నుంచి వచ్చాడు. మనిషి వెదురు బద్దలా ఉంటాడు, నోరు మాత్రం ఊరంత. ఆయాసం ఉండేది, అందుకని మందు పీల్చే పంపు ఎప్పుడూ తన బల్ల మీద పెట్టుకునేవాడు.

మా పక్క దుకాణం టైలర్ గారిది. షేర్వాణీలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరు. నేను ఆయన్ని భాయ్‌సాబ్ అనేదాన్ని, ఆయన నన్ను బెహన్ అనేవారు. మా రెండు దుకాణాలకు నడుమ ఒక గోడ, ఆ గోడకొక పద్ధతి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు ఆయన దుకాణం మూసేవారు కాదు. మా గడప దగ్గరకొచ్చి, "జర దుకాణ్ చూడున్రి" అనేవారు. మా ఫిట్టర్ చేతులు తుడుచుకుని వెళ్లి ఆయన స్టూలు మీద కూర్చునేవాడు. బేరమొస్తే, "సాబ్ నమాజుకు పోయిండు, కూసోన్రి, వస్తడు" అని కూర్చోబెట్టి కబుర్లలో పెట్టేవాడు. మా యజమాని పెళ్లనో వ్రతమనో వెళ్లి, నేను భోజనానికి లేచిన రోజున టైలర్ గారు మా కౌంటరులో కూర్చునేవారు. ఒకసారి నేనొచ్చేసరికి ఎవరో పెద్దావిడకు, "నంబర్ బరాబర్ ఉన్నది అమ్మా, ముక్కు మీద జర కిందికి దించుకోండ్రి" అని సలహా ఇస్తున్నారు. సలహా సరైనదే, అది వేరే విషయం.

ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి కాదది. పండగలొచ్చినప్పుడు పెద్దమనుషులు శాంతి కమిటీ అని సమావేశమయ్యేవారు. శాలువాలు కప్పుకుని, ఒకరి చెయ్యి ఒకరు ఎత్తి పట్టుకుని ఫొటో దిగేవారు. దాన్ని నేను ఎగతాళి చెయ్యను, అదీ కావాలి. కాని ఆ ఫొటోలోవాళ్లకు ఒకరి దుకాణంలో బొత్తాలు ఏ డబ్బాలో ఉంటాయో ఒకరికి తెలియదు. మా ఫిట్టర్‌కు తెలుసు.

ఆ సందుకు ఇంకో అలవాటు కూడా ఉండేది. గొడవ వాసన తగిలితే ఎవరి షట్టరు వాళ్లు దించుకుని ఊరుకునేవాళ్లు కాదు, పక్కవాడు లేకపోతే వాడిదీ దించి, తమ తాళం వేసి పోయేవాళ్లు. ఎంత మంచి అలవాటో కదా! ఆ రోజు మమ్మల్ని ముంచింది ఆ మంచి అలవాటే.

ఎండలు ముదురుతున్న శుక్రవారం. మనసు పొద్దున్నుంచే బాగోలేదు. రెండు మూడు రోజులుగా ఫోన్లలో ఏవో వీడియోలు తిరుగుతున్నాయి. ఎక్కడివో, ఎప్పటివో తెలియదు. ఎవరో ఎవరినో కొట్టారని ఉంటుంది, కింద మీ వాళ్లందరికీ పంపండి అని ఉంటుంది. కౌంటరు దగ్గరకొచ్చే మనుషులు అద్దాలు పెట్టి చూస్తూ కూడా, "ఏమన్నా విన్నారా అమ్మా?" అని అడుగుతున్నారు. వినడానికేం లేదు, అయినా అందరూ ఏదో విన్నట్టే ఉన్నారు. నాకు అసలే కాలు నిలవదు. నాంపల్లిలో హోల్‌సేల్ వాళ్ల దగ్గర నుంచి అద్దాలు తేవాలంటే, నేనే తెస్తానని బయటపడ్డాను.

అద్దాల పొట్లం చేతిలో పెట్టుకుని తిరిగొస్తున్నాను. మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి జనం నాకు ఎదురు నడుస్తున్నారు. పరుగు కాదు, పరుగు కంటే పాడు నడక అది. ఎవరూ ఎవరి మొహమూ చూడట్లేదు. పళ్లబండి అతను దానిమ్మకాయల మీద గోనెపట్టా కప్పి తాళ్లు బిగిస్తున్నాడు. ఏమైందయ్యా అంటే, "గౌలిగూడ కాడ ఏందో అయ్యిందంట అక్కా, జల్ది ఇంటికి పో" అన్నాడు. ఏమైందో అతనికి తెలియదు. అప్పుడు విన్నాను, ధన్ ధన్ మని వరసగా షట్టర్లు.

ఇంటికి పోవలసింది. ఎందుకు పోలేదంటే, నా బ్యాగు, భోజనం డబ్బా దుకాణంలో ఉన్నాయి. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

సందులోకి తిరిగేసరికి అన్నీ మూసేసి ఉన్నాయి. మాదీ మూసి ఉంది, టైలర్ గారిదీ మూసి ఉంది. రెంటికీ మా యజమాని తాళాలే, ఆ ఇత్తడి తాళాలను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. సందులో మిగిలిన మనిషి మూల మీద చెప్పులు కుట్టే ముసలాయన ఒక్కడే. "మీరు పోలేదేం తాతా?" అన్నాను. "నాకు షట్టరే లేదు బిడ్డా, ఏం దించాలె?" అన్నాడు.

అంతలో టైలర్ గారి షట్టరు లోపలి నుంచి బాదుతున్న చప్పుడు.

"అక్కా! అక్కా, నువ్వేనా? నేనే! సేటు తాళమేసి పోయిండు!"

మా ఫిట్టర్. ఏం జరిగిందో షట్టరు ఆవలి నుంచి దగ్గుతూ చెప్పాడు. సాయంత్రం ఇవ్వాల్సిన పెళ్లికొడుకు షేర్వాణీ ఒకటుంది. పెళ్లికొడుకు ఇంకా దుబాయి నుంచి దిగలేదు. అతని కొలతలూ మా ఫిట్టర్ ఒళ్లూ ఒకటే. అటక మీదికి పోయి అది తొడుక్కుని ఉండు, నేనొచ్చి భుజాలు చూస్తానని చెప్పి టైలర్ గారు నమాజుకు వెళ్లారు. ఇతను పైన అద్దం ముందు నిలబడి బొత్తాలు పెట్టుకుంటుంటే కింద షట్టర్ల గోల మొదలైంది. మా యజమాని పరుగున వచ్చి, స్టూలు ఖాళీగా ఉండటం చూసి, ఫిట్టర్ ముందే ఇంటికి పారిపోయాడనుకుని, పక్కవాడి దుకాణం పాపం తెరిచి ఉందే అని దించి, తాళం వేసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఇతను నిచ్చెన దిగేలోపు చీకటి.

"పంపు, ఫోను మన దుకాణంల ఉండిపోయినయి అక్కా. ఊపిరి పడ్తలేదు."

రేకుల అటక, మూసిన దుకాణం, ఆ ఎండ. పంపు మా దుకాణంలో ఉంది, మా దుకాణానికీ తాళం. యజమానికి ఫోన్ చేశాను. ఎత్తలేదు, మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఆఖరికి ఎత్తాడు.

"అమ్మాయ్, వాడు లోపలున్నాడా? అయ్యో రామా! నన్ను బషీర్‌బాగ్ దగ్గర ఆపేశారమ్మా, వెనక్కి పోనివ్వట్లేదు. పోలీసులకు చెప్పు. నువ్వు మాత్రం ఏం ముట్టుకోకు, మనకెందుకు."

"మనకెందుకేంటండీ? లోపలున్నది మనవాడు, తాళం మీది!" అని అరిచాను. లైను కట్ అయింది. ఆయనే కట్ చేశాడో, అదే పోయిందో.

నేను అరిచిన అరుపు సందు చివరకు వినిపించినట్టుంది. నాంపల్లి కొస నుంచి నమాజు ముగించుకుని టైలర్ గారు, ఆయనతో మిషను మీద కుట్టే ముసలాయన, ఇంకొంతమంది వస్తున్నారు. పెద్ద రోడ్డు కొస నుంచి ఫోన్లు చేతుల్లో పట్టుకుని కొందరు కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

టైలర్ గారు వచ్చి తన షట్టరు ముందు నిలబడ్డారు. తాళాన్ని అరచేతిలోకి తీసుకుని చూశారు. "ఇది నాది కాదు. నా దుకాణంకు తాళం ఎవరేసిన్రు?" మామూలుగానే అడిగారు. ఆయన వెనకనున్న యువకుడు మాత్రం మామూలుగా లేడు. "దేఖో చాచా, నమాజుకు పోయివచ్చేలోపట కబ్జా చేసిన్రు!" అన్నాడు. ఇటు కుర్రాళ్లలో ఒకడు ఆ షట్టరు బాదుడు విని, "అరే, లోపట మనోన్ని ఏసి తాళమేసిన్రురా!" అన్నాడు. వెంటనే ఫోన్లు పైకి లేచాయి.

ఒకటే తాళం. అటు చూస్తే ఒక అర్థం, ఇటు చూస్తే ఇంకో అర్థం. అసలు అర్థం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబుతున్నాను, గొంతు చించుకుని చెబుతున్నాను, ఎవరూ వినరే! మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లుంటే ఒక మాట చెబుతాను. నిజం మన దగ్గరుంటే చాలనుకుంటాం. మనల్ని ఎరిగినవాళ్లు ఎదుట లేకపోతే ఆ నిజాన్ని ఏం చేసుకుంటాం? ఆ కుర్రాళ్లకు నేనెవరో తెలియదు, ఈ యువకుడికీ తెలియదు. ఆ సందులో నా మాట చెల్లేది ఇద్దరి దగ్గరే. ఒకరు టైలర్ గారు, ఇంకొకరు చెప్పులు కుట్టే తాత.

"భాయ్‌సాబ్, తాళం మా సేటుది. మంచికే వేశాడు. లోపల మా ఫిట్టరున్నాడు, మీ షేర్వాణీ వేసుకుని ఉన్నాడు. ఆయాసం వచ్చింది. తియ్యాలి."

ఆయన నా మొహం చూశారు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "పల్గగొట్టాలె" అని వంగి రాయి కోసం వెతికారు. రాయి చేతికి దొరికిందో లేదో ఇటువైపు నుంచి, "తియ్యి తియ్యి, వీడియో తియ్యి, పగలగొడుతున్నడు" అని కేక. ఆయన చెయ్యి ఆగిపోయింది. మెల్లగా రాయి కింద పెట్టారు.

"నేను కొడితే వీళ్లేమంటరో తెల్సు, బెహన్. వాళ్లు కొడితే మావోళ్లేమంటరో అదీ తెల్సు."

లోపల దగ్గు ఇప్పుడు దగ్గులా లేదు, ఈలలా ఉంది. బాదుడు ఆగిపోయింది. నాకు అన్నింటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. చౌరస్తాలో కానిస్టేబుళ్లున్నారు కాని వాళ్లకు కబురు వెళ్లి, వాళ్లు పైవాళ్లను అడిగి వచ్చేదాకా ఈ మనిషి ఆగుతాడా?

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు ధైర్యం చేశానని తర్వాత కొందరన్నారు. ధైర్యం కాదు, ఒళ్లు మండిపోయింది. తాత దగ్గరకెళ్లి ఆయన సుత్తి, చెప్పు బోర్లించి కొట్టే ఇనుప దిమ్మ అడిగాను. "తీస్కపో బిడ్డా" అన్నాడు. చీర కొంగు దోపుకుని వచ్చి ఫోను పట్టుకున్న కుర్రాడితో అన్నాను: "దూరం నుంచి తీస్తావేం? దగ్గరకొచ్చి తియ్యి. నా మొహం రావాలి, నా మాట రావాలి. దుకాణం ఈయనది. తాళం మాది. లోపలున్నవాడు మావాడు. పగలగొడుతున్నది నేను. అర్థమైందా? ఇప్పుడు తియ్యి."

వాడు నిజంగానే దగ్గరకొచ్చాడు.

తాళం ఊగుతోంది. కింద దిమ్మ ఆనించి ఎవరైనా పట్టుకుంటే తప్ప దెబ్బ తగలదు. నేను అడగక ముందే టైలర్ గారు మోకాళ్ల మీద కూర్చుని దిమ్మ తీసుకుని తాళం కింద పెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. ఆయన చేతుల వంక చూశాను. ఆ వేళ్లతోనే కదా ఆయన ఇంటిల్లిపాదీ తింటున్నది. నేనేమో పుట్టి బుద్ధెరిగాక కొబ్బరికాయ కూడా సరిగ్గా కొట్టినదాన్ని కాదు.

"భాయ్‌సాబ్, గురి తప్పితే?"

"కొట్టు బెహన్."

మొదటి దెబ్బ తప్పింది. ఆయన బొటనవేలి పక్కన తగిలి, రాసుకుపోయింది. ఆయన "యా అల్లా" అన్నారు, చెయ్యి తియ్యలేదు. వెనకనుంచి యువకుడు ముందుకు దూకబోతే కళ్లతోనే ఆపారు. నేను ఏడుస్తూ కొట్టాను. ఎన్ని కొట్టానో తెలియదు. తాళం నోరు తెరిచింది.

షట్టరు ఎత్తాం. అందరూ ఎత్తారు, ఏ చెయ్యి ఎవరిదో చూసే తీరిక ఎవరికీ లేదు. లోపల నుంచి మా ఫిట్టర్ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. మీగడ రంగు షేర్వాణీ, మెడ దగ్గర జరీ పని, భుజాల మీద కొలతకు వేసి ఇంకా తియ్యని తెల్ల టాకా దారాలు, ఒక చెయ్యి కుట్టారు, రెండో చెయ్యి లేనే లేదు. కింద మాత్రం తన పాత ప్యాంటు, గ్రీజు మరకలు. ఒళ్లంతా చెమట.

టైలర్ గారు బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉన్నవారు, అది తీసి, "అరే! షేర్వాణీ! చెమటంత అంటిస్తివి గదరా! సాయంత్రం డిలివరీ ఉన్నది!" అని అరిచారు.

మా ఫిట్టర్ గడప మీద కూలబడి, ఊపిరి ఎగపీలుస్తూనే, "నేను సచ్చిపోతుంటే... నీకు షేర్వాణీ ఫికరా... సాబ్?" అన్నాడు.

ముందు నవ్వింది వీడియో తీస్తున్న కుర్రాడే. పళ్లికిలించి నవ్వాడు, ఫోను కిందికి దిగింది. తర్వాత ఇంకొకడు. కబ్జా అన్న యువకుడు నవ్వలేదు కాని మా ఫిట్టర్ రెక్క పట్టుకుని లేపి, బండి ఎక్కించుకుని మందుల దుకాణం వెతుక్కుంటూ పోయాడు. వెనకాల షేర్వాణీ దారాలు గాలికి ఎగురుతుంటే, "జాగ్రత్త, ఎక్కడా రాసుకోనియ్యకు!" అని టైలర్ గారు సందు చివరిదాకా వెంటపడ్డారు.

అసలు ఏమైందో సాయంత్రానికి తెలిసింది. ఏమీ కాలేదు. పక్క సందులో ఎవరి షట్టరో బిగుసుకుపోతే రిపేరు మనిషి వచ్చి గ్రీజు పెట్టి, పడుతుందో లేదో అని దించి చూశాడు. ఎదురుగా ఉన్నవాడు అది చూసి తనది దించాడు. మిగతాదంతా మేమే చేసుకున్నాం. గౌలిగూడలో ఆ రోజు బస్సులు మామూలుగానే తిరిగాయట.

మా ఫిట్టర్ కోలుకున్నాడు. యజమాని వచ్చి టైలర్ గారి చేతులు పట్టుకుని కంటతడి పెట్టాడు. ఇక్కడితో ఆపేస్తే బాగుండే కథ. నేను ఆపలేను, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంకో సంగతి జరిగింది.

దుకాణాలు మళ్లీ తెరిచారు. టైలర్ గారు వేలికి గుడ్డ చుట్టుకుని, ఆ చేత్తోనే చెమట మరకకు పౌడరు అద్దుతున్నారు. నేను చాయ్ పట్టుకెళ్లాను. తాగుతూ తాగుతూ అన్నారు: "బెహన్, ఒక మాట. లోపట మీ పిల్లగాడు గాకుండ, నా మిషన్ ముసలాయన ఉంటే?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంత జరిగాక అడగాల్సిన మాటేనా అది?" అన్నాను.

"కోపం జెయ్యకు. నేను నన్నే అడిగిన మొదలు. షట్టర్ మీది, తాళం మావోళ్లది, లోపట మీవోళ్లెవరో. బయట మావోళ్లు నిలబడి చూస్తున్నరు. సుత్తి పట్టుదునా అని. పట్టుదును అని అనుకుంటున్న." ఆగి, "అనుకుంటున్న అంతే" అన్నారు.

నేను కూడా అనుకుంటున్నాననే చెప్పాను. ఆ ముసలాయన చాయ్‌లో చక్కెర వేసుకోడని, మోకాళ్ల నొప్పులని, మనవరాలు డిగ్రీ చదువుతోందని నాకు తెలుసు కాబట్టి కొట్టేదాన్నే. మరి సందులో పదడుగులు అవతల, నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ పలకరించని దుకాణమైతే? ఆ రాత్రి ఎంత పొర్లినా నిద్ర పట్టలేదు. మాకున్నదంతా ఒక గోడకు అటూ ఇటూ ఉన్న పరిచయం. అది ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది, ఎంత కురచదో కూడా ఆ రోజే తెలిసింది. భయమేసింది నాకు. ఇప్పటికీ వేస్తుంది.

మరుసటి శుక్రవారం వచ్చింది. ముందు రోజే మా యజమాని మెత్తగా చెప్పాడు: "ఎవరి దుకాణం వాళ్లు చూసుకుందాం అమ్మాయ్. వాళ్లకూ మంచిది, మనకూ మంచిది." ఫిట్టర్ చేత వాళ్లావిడ పక్క దుకాణానికి పోనని ఒట్టు పెట్టించుకుంది. నమాజు వేళ టైలర్ గారు మా గడప దగ్గరకు రాలేదు. తన దుకాణం లోపలే నిలబడి, షట్టరు దించే ఇనుప కొక్కెం చేత్తో పట్టుకుని, దించనూ లేక, వదలనూ లేక ఉన్నారు. ఆ సందులో ఆయన నమాజుకని షట్టరు దించడం నేనెరగను.

లేచాను. "అమ్మాయ్" అన్నాడు మా యజమాని. వినపడనట్టే వెళ్లి టైలర్ గారి చేతిలోంచి కొక్కెం తీసుకున్నాను. "వెళ్లి రండి భాయ్‌సాబ్" అన్నాను. నేను ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. ఆయన టోపీ పెట్టుకుని నడిచారు. సందు మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశారు. ఇన్నేళ్లలో ఏ శుక్రవారమూ ఆయన అలా చూసింది లేదు. నేను చెయ్యి ఊపాను. ఆయన కదల్లేదు. ఆయన చూస్తున్నది నన్ను కాదు, నా తల పైన చుట్టి ఉన్న షట్టరును.

స్టూలు ముందుకు లాక్కున్నాను. సరిగ్గా షట్టరు వచ్చి ఆగే చోట, గడప మీద వేసుకుని కూర్చున్నాను. ఇక దించాలంటే ఎవరైనా నా నెత్తి మీద దించాల్సిందే. అప్పుడుగాని ఆయన మలుపు తిరగలేదు.